బెజవాడ, గుంటూరు కోర్టుల్లో క్రిమినల్ కేసు నకళ్లు ఎలా తీసుకోవాలి

కోర్టు ఆఫీసులో మీ పేరు ఎవరూ అడగరు. "నంబరెంత?" అని అడుగుతారు. క్రిమినల్ కేసు కాగితాల కోసం పదిసార్లు తిరిగేవాళ్లకీ రెండుసార్లలో పని ముగించుకునేవాళ్లకీ తేడా చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. తెలిసిన ప్లీడరున్నా, చురుకైన గుమస్తా ఉన్నా, ఏ కోర్టో ఏ నంబరో చెప్పలేకపోతే వాళ్లు కూడా ముందు వెతకాల్సిందే. ఆ వెతుకులాట మీరే ఇంట్లో కూర్చుని ఫోన్లో చేసుకోవచ్చు. అందుకే ఇక్కడ సగం మాట నంబరు పట్టుకోవడం గురించే. దరఖాస్తు సంగతి ఆ తర్వాత.

ఒకే కేసుకు నాలుగు నంబర్లు

స్టేషన్‌లో ఫిర్యాదు నమోదైనప్పుడు పడేది క్రైం నంబరు. ఎఫ్ఐఆర్ నంబరన్నా అదే. అది పోలీసుల లెక్క. దర్యాప్తు ముగిసి చార్జిషీటు కోర్టుకెళ్లి, మేజిస్ట్రేటు దాన్ని ఫైలు మీదికి తీసుకున్నాక కోర్టు నంబరు పడుతుంది. మేజిస్ట్రేటే విచారించే కేసైతే సి.సి. నంబరు, అంటే క్యాలెండర్ కేసు. చిన్నపాటి కేసుల్ని సంక్షిప్తంగా విచారిస్తే ఎస్.టి.సి. హత్య లాంటి సెషన్స్ కేసైతే మేజిస్ట్రేటు దగ్గర మొదట పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడి, కమిట్ చేసి, అంటే విచారణకు అప్పగించి పైకి పంపాక సెషన్స్ కోర్టులో ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు పడుతుంది. కేసు ఒకటే, ముద్దాయిలూ వాళ్లే. కానీ పి.ఆర్.సి. నంబరు పట్టుకుని సెషన్స్ కోర్టు బెంచ్ క్లర్కు దగ్గరికి వెళితే ఆయన తల అడ్డంగా ఊపుతారు.

బెయిల్ పిటిషన్లకు క్రిమినల్ ఎం.పి. (మిసిలేనియస్ పిటిషన్) అని విడిగా నంబరుంటుంది. బెయిల్ ఆర్డరు నకలు కావాలంటే దరఖాస్తులో ఆ ఎం.పి. నంబరు రాయాలి, సి.సి. నంబరు కాదు. తీర్పు మీద పైకోర్టుకు వెళితే క్రిమినల్ అప్పీలు నంబరు. గృహహింస కేసులు డి.వి.సి. కింద, భరణం కేసులు ఎం.సి. కింద నడుస్తాయి. ఇవి మేజిస్ట్రేటు కోర్టులోనో ఫ్యామిలీ కోర్టులోనో ఉన్నా మామూలు క్రిమినల్ కేసుల జాబితాలో కనపడవు.

ఎక్కువమందిని తికమక పెట్టేది స్ప్లిట్ అప్. నలుగురు ముద్దాయిల్లో ఒకడు పరారైతే మిగతా ముగ్గురి విచారణ ఆగకుండా వాడి కేసును విడగొట్టి కొత్త నంబరిస్తారు. అతను ఎంతకీ దొరక్కపోతే అది ఎల్.పి.సి., అంటే ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉన్న కేసుల రిజిస్టరుకెక్కుతుంది. 'మా కేసు కొట్టేశారు కదా, మా తమ్ముడికి వారంటెందుకొచ్చింది?' అని అడిగేవాళ్ల కేసుల్లో చాలావరకు సంగతి ఇదే. కొట్టేసింది మొదటి నంబరు, తమ్ముడు ఉన్నది విడిపోయిన నంబరు. రెండింటి నకళ్లూ తీసుకుంటే తప్ప కథ పూర్తిగా తెలియదు.

కోర్టు నంబరే పడని కేసులూ ఉంటాయి. పోలీసులు సాక్ష్యం లేదనో, పొరపాటు ఫిర్యాదనో రిఫర్ చేస్తే, అంటే చార్జిషీటు వేయకుండా మూసేస్తే సి.సి. నంబరుండదు. అప్పుడు ఫిర్యాదికి వచ్చిన నోటీసు, కోర్టుకు పంపిన తుది నివేదిక, దాని మీద మేజిస్ట్రేటు ఇచ్చిన ఆర్డరు క్రైం నంబరుతోనే దొరకాలి.

ముందు ఎఫ్ఐఆర్

క్రైం నంబరు తెలియకపోతే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ సిటిజన్ పోర్టల్లో ఎఫ్ఐఆర్ డౌన్‌లోడు విభాగం చూడండి. జిల్లా, స్టేషన్, సంవత్సరం ఇచ్చి వెతకాలి. ఎఫ్ఐఆర్‌ను నమోదైన 24 గంటల్లోగా వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. లైంగిక నేరాలు, తీవ్రవాదం లాంటి సున్నితమైన కేసుల్ని మినహాయించింది. కాబట్టి పోక్సో కేసు ఎఫ్ఐఆర్ సైటులో లేదంటే అది దాచిపెట్టడం కాదు, అక్కడ ఉండకూడదు కాబట్టే లేదు.

ఫిర్యాది మీరే అయితే ఎఫ్ఐఆర్ నకలు స్టేషన్‌లోనే ఉచితంగా ఇవ్వాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతికి ఇప్పుడున్న చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్, దానికి ముందున్న సీఆర్పీసీలో 154. ముద్దాయి అయితే స్టేషన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. అక్కడ పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టులో అడగండి, దరఖాస్తు పెట్టాక రెండు పనిదినాల్లో ఇవ్వాలని పై తీర్పులోనే ఉంది. ఎఫ్ఐఆర్ అసలు ప్రతి ఎలాగూ కోర్టుకే వెళుతుంది.

ఇక్కడ ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పోలీసు లెక్క మారింది. పటమట ఎన్టీఆర్ జిల్లాలోకి, కాలవ దాటితే పెనమలూరు కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. ఒకప్పుడు రెండూ విజయవాడ కమిషనరేటు కిందే ఉండేవి. అలాగే నరసరావుపేట పల్నాడుకు, బాపట్ల తన పేరు జిల్లాకు వెళ్లాయి. పాత ఎఫ్ఐఆర్ ఒక జిల్లా పేరు కింద దొరక్కపోతే రెండో పేరు కింద కూడా చూడండి.

కోర్టుల లెక్క మాత్రం ఇంకా ఉమ్మడి జిల్లాలదే. ఈ-కోర్ట్స్ సైటులో ఎన్టీఆర్ జిల్లా కోసం వెతుకుతూ కూర్చోవద్దు. విజయవాడ, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు, మైలవరం అన్నీ 'కృష్ణా' కింద ఉంటాయి. జిల్లా ప్రధాన న్యాయస్థానం మచిలీపట్నంలో. తెనాలి, మంగళగిరి, నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల, బాపట్ల, రేపల్లె 'గుంటూరు' కింద. పోలీసు సైటులో పల్నాడు అని ఎంచుకున్న చేత్తోనే కోర్టు సైటులో గుంటూరు ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయం తెలియక 'రికార్డు లేదు' అన్న జవాబు చూసి నమ్మేసేవాళ్లు చాలామంది.

ఈ-కోర్ట్స్‌లో వెతకడం

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటు లేదా అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్. రెండూ ఉచితం, లాగిన్ అక్కర్లేదు. 'కేస్ స్టేటస్' నొక్కి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోండి. ఆ తర్వాత వెతికే దారులు వరుసగా కనపడతాయి.

క్రైం నంబరుంటే అన్నింటికన్నా నమ్మకమైనది ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకడం. స్టేషన్ పేరు జాబితాలోంచి ఎంచుకుని, నంబరు, సంవత్సరం వేరువేరు గడుల్లో ఇవ్వాలి. నంబరు ముందు సున్నాలు వేయకండి. 'పెండింగ్' కాకుండా 'రెండూ' అన్నదాన్ని ఎంచుకోండి. కొట్టేసిన కేసు పెండింగ్‌లో కనపడదని మళ్లీ చెప్పనక్కర్లేదు గానీ, తొందరలో అందరూ చేసే తప్పిదే.

పేరుతో వెతకాలంటే కనీసం మూడు అక్షరాలు, సంవత్సరం ఇవ్వాలి. ఆ సంవత్సరం నేరం జరిగినది కాదు, కోర్టులో కేసు నమోదైనది. 2019లో ఎఫ్ఐఆర్ అయి 2021లో చార్జిషీటు పడితే 2021లో వెతకాలి. రెండుమూడేళ్లు ముందుకు జరిపి చూడండి. పేర్ల స్పెల్లింగే అసలు తలనొప్పి. మన పేర్లను ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. శ్రీనివాసరావులో ఎస్ పక్కన హెచ్ ఉందో లేదో, లక్ష్మి చివర ఐ ఉందో వై ఉందో, వెంకటేశ్వర్లులో ఎస్ తర్వాత డబ్ల్యూనో వీనో ఎవరికీ తెలియదు. అది ఆ రోజు ఎంట్రీ చేసిన ఉద్యోగి ఇష్టం. అందుకని పూర్తి పేరు ఇవ్వకండి. పేరులో అందరూ ఒకేలా రాసే ముక్క మాత్రమే ఇవ్వండి. శ్రీనివాసరావు కోసం 'నివాస', వెంకటేశ్వర్లు కోసం 'వెంకట' చాలు. ఇంటిపేరు కొందరికి ముందు పూర్తిగా, కొందరికి ఒక్క అక్షరంగా, కొందరికి అసలు లేకుండా ఎక్కుతుంది. జాబితా పెద్దదొస్తే ఎదుటి పార్టీ పేరు, స్టేషన్ చూసి వడకట్టుకోండి.

ఇదే చోట ఒక హెచ్చరిక. పెళ్లి సంబంధం కుదిరే ముందు, ఇల్లు అద్దెకిచ్చే ముందు ఈ సైటులో పేరు కొట్టి చూడటం ఈమధ్య అలవాటైంది. ఒకే పేరున్నవాళ్లు ఒక్క గుంటూరులోనే ఎంతమందో! తండ్రి పేరు, వయసు, ఊరు మూడూ కలిస్తేనే ఆ మనిషి అనుకోవాలి. ఈ వివరాలు సైటులో ఎక్కువగా ఉండవు, తీర్పులోనో చార్జిషీటులోనో ఉంటాయి. 'పెండింగ్' అన్న మాటకు నేరం చేశాడని అర్థం కాదు. ఇంటి గోడ తగాదాలో ఒకరి మీదొకరు పెట్టుకున్న కేసులూ అక్కడే ఉంటాయి.

కేసు దొరికాక పేజీ పైన అక్షరాలు, అంకెలు కలిపి పదహారున్న సీఎన్ఆర్ నంబరు (ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబరు) కనపడుతుంది. మన రాష్ట్రం కేసులకు అది ఏ, పీ అక్షరాలతో మొదలై కేసు సంవత్సరంతో ముగుస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి. ఇంకెప్పుడు చూసుకున్నా ఇదొక్కటి చాలు. ఇంటర్నెట్ లేని ఫోనైతే ఈకోర్ట్స్ అన్న ఇంగ్లీషు పదం, ఒక ఖాళీ, సీఎన్ఆర్ నంబరు కలిపి 9766899899కి ఎస్ఎంఎస్ పంపితే వాయిదా వివరాలు తిరిగి వస్తాయి.

అదే పేజీలో కేసు ఏ కోర్టు హాల్లో ఉంది, ఏ సెక్షన్లు, మొదటి వాయిదా, తర్వాతి వాయిదా, ప్రతి వాయిదాలో ఏం జరిగింది, ముగిసిందా, ఎలా ముగిసింది అన్నవి ఉంటాయి. సెక్షన్ల దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోండి: 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ, ఆ తర్వాతి వాటికి భారతీయ న్యాయ సంహిత. 420 అని ఎదురుచూస్తున్నవాళ్లకు కొత్త కేసులో 318 కనపడితే అది వేరే కేసనుకోవద్దు.

తీర్పు, ఆర్డర్లు పేజీ అడుగున పీడీఎఫ్‌గా ఉంటే దింపుకోండి. చదవడానికి, ప్లీడరుకు చూపించడానికి అది చాలు. అప్పీలుకు, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు మాత్రం కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ నకలే కావాలి.

సైటులో దొరక్కపోతే

చెక్కు బౌన్సు కేసులకు ఎఫ్ఐఆర్ ఉండదు. అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద నేరుగా మేజిస్ట్రేటు దగ్గర వేసే ప్రైవేటు ఫిర్యాదు. స్టేషన్ పేరుతో వెతికితే జన్మలో దొరకదు, పేరుతోనే వెతకాలి. రైల్వే పోలీసుల కేసులకు, ఎక్సైజ్ కేసులకు, ఏసీబీ కేసులకు ప్రత్యేక కోర్టులున్నాయి. కాంప్లెక్స్ కింద మీ స్టేషన్ మామూలు మేజిస్ట్రేటు కోర్టు ఒక్కటే చూసి ఆపేయకండి.

చిన్న ఊళ్లలో ఒకే జడ్జి సివిల్ జడ్జిగానూ మేజిస్ట్రేటుగానూ ఉంటారు. బోర్డు మీద సివిల్ జడ్జి అని చూసి 'మాది క్రిమినల్ కేసు' అని వెనక్కి తిరగవద్దు. విజయవాడలో ఇంకో చిక్కు: పాత కాగితాల మీద మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అని ఉంటుంది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఆ పదవే లేదు. కోర్టు పేరు మారినా కేసు ఎక్కడికీ పోలేదు, అదే ఆవరణలో ఏ కోర్టుకు బదిలీ అయిందో కనుక్కోవాలి.

అది కనుక్కోవడానికి ముగ్గురు పనికొస్తారు. మొదటిది కోర్టు కాంప్లెక్సుల్లో ఉండే ఈ-సేవా కేంద్రం. కేసు స్థితి, సీఎన్ఆర్, ఏ కోర్టు హాలు అన్నవి అక్కడ ఉచితంగా చూసి చెబుతారు. విజయవాడలో 2022 ఆగస్టు 20న ప్రారంభమైన కొత్త కోర్టు భవనం చాలా అంతస్తులది. పైకీ కిందికీ తిరిగే ముందు అక్కడ అడగడం మోకాళ్లకు మంచిది. రెండోవాడు కోర్టు కానిస్టేబుల్. ప్రతి స్టేషన్ తరఫున కోర్టు డ్యూటీలో ఒకరుంటారు. క్రైం నంబరు చెబితే సి.సి. నంబరు ఎంతో ఆయన రిజిస్టరులో ఉంటుంది. వాయిదాల వేళ పొద్దున్నే కోర్టు హాలు దగ్గరే దొరుకుతారు. మూడు, ఆ కోర్టు బెంచ్ క్లర్కు. ఆయన్ని విచారణ నడుస్తుండగా కదపకండి. కోర్టు మొదలయ్యే ముందు గానీ, సాయంత్రం బెంచ్ దిగాక గానీ అడగండి.

ఎవరికి ఏది దొరుకుతుంది

ఇది తెలియక వచ్చే గొడవలే ఎక్కువ. ముద్దాయికి చార్జిషీటు, దానితో పాటు వేసిన సాక్షుల స్టేట్‌మెంట్లు, పంచనామాలు, మెడికల్ సర్టిఫికెట్లు ఉచితంగా ఇవ్వాలి. నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షన్ ప్రకారం ముద్దాయి హాజరైన రోజు నుంచి 14 రోజులు దాటకూడదు. బాధితుల తరఫున ప్లీడరు ఉంటే వాళ్లకూ అదే సెక్షన్ కింద ఉచితంగా ఇవ్వాలి. పాత సీఆర్పీసీ 207లో ఈ రెండోది లేదు. బాధితుల కుటుంబాలు దీన్ని అడిగి తీసుకోవడం ఇంకా అలవాటు చేసుకోలేదు.

మూడో మనిషికి చార్జిషీటు ఇంటర్నెట్లో దొరకదు. అది ఎఫ్ఐఆర్ లాంటిది కాదని, వెబ్‌సైటులో పెట్టాల్సిన పబ్లిక్ డాక్యుమెంటు కాదని సుప్రీంకోర్టు 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో తేల్చింది. కేసు డైరీ, అంటే పోలీసులు దర్యాప్తులో రోజువారీ రాసుకునే పుస్తకం, ముద్దాయికి కూడా రాదు.

జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు అదే రోజు ఉచితంగా ఇవ్వాలి. తీర్పు వల్ల ప్రభావితులైన మిగతావాళ్లు దరఖాస్తు పెట్టి చార్జీలు కడితే తీర్పు, ఆర్డరు, సాక్షుల వాంగ్మూలాలు, రికార్డులో మరే భాగమైనా ఇవ్వాలని అదే సంహిత 404వ సెక్షన్ చెబుతుంది. పాత కాగితాల్లో ఇదే 363. ప్రత్యేక కారణముంటే ఉచితంగా ఇచ్చే అధికారం కోర్టుకుంది.

కేసుకు సంబంధం లేని మూడో వ్యక్తి దరఖాస్తు ఒక్కటే పెడితే చాలదు. ఎవరు, ఏ కాగితం, ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. జడ్జి అనుమతిస్తేనే నకలు వస్తుంది. కారణం ఎంత స్పష్టంగా ఉంటే అంత త్వరగా తేలుతుంది. 'సమాచారం కోసం' అని రాస్తే తిరిగొచ్చేస్తుంది. 'ఈ తీర్పులో ప్రస్తావించిన స్థలం మీద మాకు సివిల్ దావా నడుస్తోంది, అందులో దాఖలు చేయాలి' అని దావా నంబరుతో సహా రాస్తే పనవుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామని చాలామందికి ఆలోచన వస్తుంది. కోర్టు రికార్డుల నకళ్లకు ఆ దారి మూసేశారు. కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న చెప్పింది. ఆ పది రూపాయలు, నెల రోజులు వృథా చేసుకోకండి.

లైంగిక నేరాల బాధితుల పేరు బయటపెట్టడం నేరం. పోక్సో కేసుల్లో పిల్లల వివరాలు, బాలనేరస్థుల బోర్డు రికార్డులు కూడా అంతే. మీకు చట్టబద్ధంగా నకలు దొరికినా దాన్ని వాట్సాప్‌లో పెట్టే హక్కు దానితో రాదు.

దరఖాస్తు రాయడం

ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ కోర్టుల్లో నకళ్ల పద్ధతికి ఆధారం 1990 నాటి క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్. దరఖాస్తును కాపీ అప్లికేషన్ అనీ, క్లుప్తంగా సి.ఏ. అనీ అంటారు. ఏ కోర్టు తీర్పిచ్చిందో ఆ కోర్టులోనే వేయాలి. ఫారం కాపీ సెక్షన్‌లో గానీ ఆవరణలో స్టాంపులమ్మేవాళ్ల దగ్గర గానీ దొరుకుతుంది. తెలుగులో రాసినా ఫర్వాలేదు. ఉండాల్సినవి ఇవి:

కోర్టు పేరు, ఊరు.
కేసు నంబరు (సి.సి. లేదా ఎస్.సి.), సంవత్సరం. పక్కనే క్రైం నంబరు, స్టేషన్ పేరు.
ఫిర్యాది ఎవరు, ముద్దాయి ఎవరు.
దరఖాస్తుదారు ఈ కేసులో ఎవరు: 'ఏ-2' (రెండో ముద్దాయి), 'పీడబ్ల్యూ-1' (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి), 'మూడో వ్యక్తి' అని.
కేసు ముగిసిందా, నడుస్తోందా. ముగిసుంటే తీర్పు తేదీ, నడుస్తుంటే తర్వాతి వాయిదా.
కావలసిన కాగితాలు ఒక్కొక్కటీ విడిగా, తేదీతో.
ఎన్ని ప్రతులు, ఎందుకు.
సంతకం, ఫోన్ నంబరు, ప్లీడరుంటే ఆయన సంతకం.

'మొత్తం రికార్డు కావాలి' అని రాయకండి. రెండొందల పేజీలకు చార్జీ కట్టాల్సి వస్తుంది, వారాలు పడుతుంది. ఎక్కువమందికి నిజంగా కావలసింది తీర్పు, ఒకరిద్దరు సాక్షుల వాంగ్మూలాలు, ఒకటో రెండో ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా నంబరిచ్చిన కాగితాలు). వాటిని కోర్టు పిలిచే పేర్లతోనే రాయండి. ప్రాసిక్యూషన్ సాక్షులు పీడబ్ల్యూ-1, పీడబ్ల్యూ-2. డిఫెన్స్ సాక్షులు డీడబ్ల్యూ. ప్రాసిక్యూషన్ కాగితాలు ఎగ్జిబిట్ పి-1, డిఫెన్స్‌వి డి-1. కత్తి, చొక్కా లాంటి వస్తువులు ఎం.ఓ. నంబర్లు. తీర్పు చివర 'అపెండిక్స్ ఆఫ్ ఎవిడెన్స్' అన్న జాబితాలో ఇవన్నీ వరుసగా ఉంటాయి. అందుకే ముందు తీర్పు పీడీఎఫ్ దింపుకుని, ఆ జాబితా ముందు పెట్టుకుని దరఖాస్తు రాయాలి. 'డాక్టరు స్టేట్‌మెంటు' అని రాస్తే క్లర్కు వెతకాలి. 'పీడబ్ల్యూ-9 వాంగ్మూలం' అని రాస్తే తీసిస్తారు. వాయిదాల్లో జడ్జి రాసే చిన్న ఆర్డర్లు డాకెట్ షీటులో ఉంటాయి. వారంటు ఎప్పుడిచ్చారో, ఎప్పుడు రీకాల్ చేశారో తెలియాలంటే ఆ తేదీ డాకెట్ ఆర్డరు అడగండి.

దరఖాస్తుకు కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. ఎంతన్నది కాపీ సెక్షన్‌లో అడిగి ఆవరణలోనే కొనండి. మూడో వ్యక్తి అఫిడవిట్‌తో కూడిన పిటిషన్ జతచేయాలి. ఆధార్ నకలొకటి వెంట ఉంచుకోండి. ఇచ్చాక సి.ఏ. నంబరు, తేదీ అడిగి రాసుకోండి. మళ్లీ నంబరే. వారం తర్వాత మీరు వెళ్లి అడిగేది ఆ నంబరుతోనే.

చార్జీలు, తేదీలు

దరఖాస్తు చూసి రికార్డు తెప్పించుకున్నాక పేజీలు లెక్కేసి చార్జీ ఎంతో చెబుతారు. ఆ జాబితా కాపీ సెక్షన్ నోటీసు బోర్డు మీద పెడతారు. ఎవరూ ఫోన్ చేసి పిలవరు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ కొత్తది వేయాలి. తెనాలి నుంచో నందిగామ నుంచో వచ్చిపోయేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతుంది. ప్లీడరు గుమస్తాకు బోర్డు చూసే పని ముందే అప్పగించండి, ఆయనకు సి.ఏ. నంబరు వాట్సాప్‌లో పెట్టండి.

నకలు చేతికొచ్చాక దాని మీద వేసిన తేదీలు చూడండి. దరఖాస్తు పెట్టిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. అప్పీలు గడువు లెక్క వీటి మీదే నిలబడుతుంది. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు 60 రోజుల్లో వేయాలి. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం తీర్పు రోజును, నకలు కోసం పట్టిన రోజుల్ని లెక్కలోంచి తీసేస్తారు. ఉదాహరణకు మార్చి 3న తీర్పు, 5న దరఖాస్తు, 14న నకలు సిద్ధం. 5 నుంచి 14 దాకా పది రోజులు మినహాయింపు, కాబట్టి ఏప్రిల్ 2తో ముగిసే గడువు ఏప్రిల్ 12 దాకా సాగుతుంది. మీరు తీరుబడిగా 25న వెళ్లి తెచ్చుకుంటే ఆ పదకొండు రోజులూ మీ ఖాతాలోవే, కోర్టు ఇవ్వదు. చార్జీ కట్టడంలో మీరు చేసిన ఆలస్యమూ అంతే. తీర్పు వచ్చిన రోజునే, కుదరకపోతే మర్నాడు, దరఖాస్తు పెట్టేయమని చెప్పేది ఇందుకే.

తేదీలతో పాటు ముద్ర, అధికారి సంతకం, 'సర్టిఫైడ్' అన్న రాత, అన్ని పేజీలూ వరుసగా ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. పేరులో అక్షరం తప్పుందంటే అది అసలు తీర్పులోనే ఉందేమో చూడండి. నకలు తీసేవాళ్లు అసల్లో ఉన్నదే ఇస్తారు. అసలులో తప్పు సరిచేయాలంటే ఆ కోర్టులోనే పిటిషన్ వేయాలి, కాపీ సెక్షన్‌తో వాదించి లాభం లేదు.

"రికార్డు ఇక్కడ లేదు"

ఈ మాట వినగానే నిరాశపడక, ఎక్కడుందని అడగండి. మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది. ఎవరో అప్పీలు వేసి ఉంటే పైకోర్టు తెప్పించుకుని ఉంటుంది. అప్పుడు అప్పీలు నంబరు కనుక్కుని అక్కడ దరఖాస్తు పెట్టాలి. పి.ఆర్.సి. కేసైతే కమిటల్‌తో పాటే సెషన్స్ కోర్టుకు వెళ్లిపోయి ఉంటుంది. పాత కేసైతే రికార్డు రూములో ఉంటుంది. తెప్పించడానికి ఆలస్యమవుతుంది గానీ దొరుకుతుంది.

నాలుగోది కొంచెం కష్టం. గడువు దాటిన క్రిమినల్ రికార్డుల్ని నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు. సాక్షుల వాంగ్మూలాలు, చిన్న కాగితాలు ముందు పోతాయి. అలా పోయి ఉంటే రిజిస్టరులో కేసు ఎలా ముగిసిందో రాసిన ఎంట్రీ నకలు, దానితో పాటు 'రికార్డు నాశనం చేశాం' అన్న రాతపూర్వక జవాబు అడగండి. ఇరవై ఏళ్ల కిందటి కేసు గురించి ఉద్యోగమిచ్చే ఆఫీసు అడిగినప్పుడు నోటిమాట పనికిరాదు, ఈ రెండు కాగితాలే అక్కరకొస్తాయి.

ఉద్యోగం, పాస్‌పోర్టు

ప్రభుత్వోద్యోగం అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగితే కొట్టేసిన కేసును కూడా రాసి, తీర్పు సర్టిఫైడ్ నకలు జతచేయండి. కేసు కన్నా దాన్ని దాచడమే ఎక్కువమంది ఉద్యోగాలకు ఎసరు పెట్టింది. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసుకు తీర్పు ఉండదు, అవార్డు ఉంటుంది. అడగాల్సింది దాని నకలే. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టిన చిన్న కేసుకైతే ఆ రోజు ఆర్డరు, జరిమానా రసీదు.

కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం విచారణ జరుపుతున్న కోర్టు అనుమతి ఆర్డరు కావాలి. పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకున్నాక దాని సర్టిఫైడ్ నకలు రెండు ప్రతులు తీసుకోండి. ఒకటి పాస్‌పోర్టు ఆఫీసుకు, ఒకటి పోలీసు వెరిఫికేషన్‌కు. ఆర్డరులో ఎంత కాలానికి అని రాసి ఉందో చూసుకోండి, కాలం రాయకపోతే ఏడాదికే పాస్‌పోర్టు ఇస్తారు. అందుకే పిటిషన్‌లోనే ఎన్నేళ్లకు కావాలో అడగాలి.

ప్లీడరుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, జైల్లో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు, నకళ్ల ఖర్చు కూడా అందులో భాగంగా అడగవచ్చు. ఫోన్ 15100. అక్కడ కూడా మొదటి ప్రశ్న నంబరు గురించే ఉంటుంది.